అలాస్కా నది ఊళ్ళ స్కూళ్ళలో టీచర్‌గా వెళ్దామనుకుంటున్నారా, సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి

ఈమధ్య వారానికి ఒకరిద్దరు ఫోన్ చేసి అడుగుతున్నారండి, అలాస్కాలో టీచర్ జాబ్‌కి ఇంటర్వ్యూ అయింది, ఊరి పేరు మ్యాప్‌లో కొడితే నది తప్ప రోడ్డే కనపడట్లేదు, వెళ్ళొచ్చా వద్దా అని. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేకంటే అంతా ఒకచోట రాసేస్తే నయం అనిపించి కూర్చున్నా. కుస్కోక్విమ్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో మూడేళ్ళు పిల్లలకి చదువు చెప్పి వచ్చా నేను, ఊరి పేరు మాత్రం చెప్పను, అంత చిన్న ఊళ్ళో ఎవరి గురించి రాసినా ఫలానా వాళ్ళేనని తెలిసిపోద్ది. మాది కోనసీమలో లంక ఊరు, చిన్నప్పుడు రేవు దాటి బడికెళ్ళినదాన్ని, అందుకే నాకు ఆ ఊళ్ళు మరీ కొత్తగా అనిపించలేదేమో.

ముందే ఒక మాట. కనీసం రెండేళ్ళు ఉంటాను అనుకుంటేనే వెళ్ళండి. ఒక్క ఏడాది చూసి వచ్చేద్దాంలే అనుకుంటే దయచేసి వద్దు. ఎందుకో పిల్లల గురించి రాసేటప్పుడు చెప్తా.

అసలు ఈ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఏంటి

మనకి జిల్లా అంటే కలెక్టర్, డీఈవో, మండలాలు. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే కేవలం బడుల కోసం ఏర్పడ్డ విడి వ్యవస్థ, దానికో సూపరింటెండెంట్ ఉంటారు, జనం ఓటేసి ఎన్నుకున్న బోర్డు ఉంటుంది. ఉదాహరణకి కస్పక్ స్కూల్ డిస్ట్రిక్ట్ తీసుకోండి. ఆఫీసు అనియాక్ అనే ఊళ్ళో, అదే అక్కడ పెద్ద ఊరు, జనాభా ఓ 500. నది కింద నుంచి పైకి వెళ్తుంటే లోయర్ కాల్‌స్కాగ్, అప్పర్ కాల్‌స్కాగ్, అనియాక్, చువాత్‌బాలుక్, క్రుకెడ్ క్రీక్, రెడ్ డెవిల్, స్లీట్‌మ్యూట్, స్టోనీ రివర్. చివర్లోవి వందమంది కూడా ఉండని ఊళ్ళు. డిస్ట్రిక్ట్ మొత్తం సుమారు 12,000 చదరపు మైళ్ళు, అంటే మన పాత ఉభయ గోదావరి జిల్లాలు రెండూ కలిపినా అంతకంటే చిన్నవే, కానీ పిల్లలు మాత్రం మొత్తం కలిపి మన దగ్గర ఒక పెద్ద హైస్కూల్లో ఉండేంత మందే. కాల్‌స్కాగ్‌లు రెంటి మధ్య రోడ్డుంది, మిగతా ఊళ్ళ మధ్య రోడ్డనేదే లేదు. ఎండాకాలం పడవ, చలికాలం గడ్డకట్టిన నది మీద స్నోమెషీన్ అనే మంచు బండి, ఎప్పుడైనా చిన్న విమానం. ఇదే నది మీద ఇంకా కిందికెళ్తే బెతెల్ ఆఫీసుగా లోయర్ కుస్కోక్విమ్ డిస్ట్రిక్ట్ ఉంది, అది చాలా పెద్దది, ఇరవైకి పైగా ఊళ్ళు. యూకాన్ నది మీద లోయర్ యూకాన్ అని ఇంకోటి. ఎక్కువ ఖాళీలు ఉండేది ఇలాంటి చోట్లే, కాబట్టి మీకు ఆఫర్ వచ్చింది వీటిల్లో ఏదైనా కింద రాసింది చాలావరకు సరిపోద్ది.

ఈ ఊళ్ళలో హైస్కూళ్ళు ఎలా వచ్చాయో తెలుసుకుని వెళ్ళండి, ఇది నిజంగా ముఖ్యం. 1970ల దాకా ఊళ్ళో పెద్ద తరగతులు ఉండేవి కాదు, పద్నాలుగేళ్ళ పిల్లల్ని వందల మైళ్ళ దూరం బోర్డింగ్ స్కూళ్ళకి పంపేవాళ్ళు, కొంతమందిని ఏకంగా ఒరెగాన్ రాష్ట్రానికి. మాలీ హూచ్ అనే యూపిక్ (అక్కడి ఆదివాసీ జాతి) అమ్మాయి పేరు మీద 1972లో కోర్టులో కేసు వేశారు, 1976లో రాజీ కుదిరి 126 ఊళ్ళలో హైస్కూల్ పెట్టడానికి రాష్ట్రం ఒప్పుకుంది. అంటే మీరు వెళ్ళబోయే ఆ నాలుగు గదుల బడి ఊరివాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నది. వాళ్ళ తాతమ్మల తరానికి బోర్డింగ్ స్కూల్లో సొంత భాష మాట్లాడితే శిక్ష పడేది, ఆ జ్ఞాపకం ఇంకా పోలేదు. బయటినుంచి వచ్చిన టీచర్ని మొదట్లో కాస్త దూరంగా చూస్తే నొచ్చుకోకండి.

కాగితాల పని

ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకి ప్రధానంగా రెండు దారులు, జె1 ఎక్స్‌ఛేంజ్ వీసా లేదా హెచ్1బి. జె1కి డిగ్రీ, కనీసం రెండేళ్ళ టీచింగ్ అనుభవం, బాగా వచ్చిన ఇంగ్లీషు ఉండాలి, సాధారణంగా అప్లై చేసే నాటికి టీచర్‌గా పనిచేస్తూ ఉండాలి కూడా, కాబట్టి వీసా వచ్చేలోపు ఇక్కడ ఉద్యోగం మానేసి కూర్చోవద్దు. మూడేళ్ళు ఇస్తారు, తర్వాత ఒకటి రెండేళ్ళు పొడిగించుకునే వీలుంది. హెచ్1బి విషయంలో 2025 సెప్టెంబర్ 21 నుంచి బయటి దేశం నుంచి కొత్తగా తెచ్చుకునేవాళ్ళకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు కదా, అంత డబ్బు పెట్టి టీచర్ని తెచ్చుకోవడం ఏ చిన్న డిస్ట్రిక్ట్ వల్లా అయ్యే పని కాదు. ఈ రూల్స్ మారుతూనే ఉంటాయి, మీరు సంతకం పెట్టే వారం ఏముందో చూసుకోండి.

ఇక్కడ చాలామంది చిక్కుకునేది డిగ్రీ దగ్గర. మన మూడేళ్ళ బీఎస్సీనో బీఏనో అమెరికా నాలుగేళ్ళ డిగ్రీతో సమానం అని కొన్ని ఎవాల్యుయేషన్ ఏజెన్సీలు ఒప్పుకోవు, బీఈడీ కలిపి చూస్తే కొన్ని ఒప్పుకుంటాయి, పీజీ ఉంటే ఇబ్బంది తక్కువ. ఇంటర్వ్యూకి ముందే ట్రాన్‌స్క్రిప్ట్స్ తెప్పించుకుని ఈ పని మొదలుపెట్టండి, మన యూనివర్సిటీల్లో ట్రాన్‌స్క్రిప్ట్ చేతికి రావడానికి పట్టే టైం మీకు తెలిసిందే. అలాస్కా టీచర్ సర్టిఫికెట్‌కి వేలిముద్రల చెకింగ్ ఉంటుంది, ఆ రాష్ట్రం చరిత్ర మీద ఒక కోర్సు, అక్కడి సంస్కృతుల మీద ఒక కోర్సు కూడా చెయ్యాలి. ఆ కోర్సుల్ని తొందరగా ముగించేద్దాం అనుకోకండి, తర్వాత క్లాసులో నన్ను ఎక్కువ ఆదుకున్నవి అవే.

కన్సల్టెన్సీల సంగతి. నా దగ్గర ఒక ఏజెంటు డిస్ట్రిక్ట్‌తో మాకు డైరెక్ట్ టైఅప్ ఉంది, సీటు బ్లాక్ చెయ్యాలంటే లక్షన్నర కట్టాలి అన్నాడు, కట్టేశా, తీరా నేనే డిస్ట్రిక్ట్ ఆఫీసుకి మెయిల్ పెడితే వాళ్ళకి ఆ మనిషెవరో తెలియనే తెలియదు. ఆ డబ్బు నాకు తిరిగి రాలేదు. జె1 ఇప్పించే సంస్థని స్పాన్సర్ అంటారు, స్పాన్సర్ ఫీజు అని నిజంగా కొంత ఉంటుంది, కానీ కట్టేముందు ఆ స్పాన్సర్ పేరు అమెరికా విదేశాంగ శాఖ లిస్టులో ఉందో లేదో చూడండి, డిస్ట్రిక్ట్ హెచ్ఆర్‌తో మీరే స్వయంగా మాట్లాడండి.

ఇంటర్వ్యూలో మీరు అడగాల్సినవి

మనవాళ్ళు ఇంటర్వ్యూ అంటే వాళ్ళు అడిగితే మనం చెప్పడం అనుకుంటారు. ఇక్కడ మీరూ అడగాలి, అడిగితే వాళ్ళు సంతోషిస్తారు కూడా, ఈ మనిషి తెలిసే వస్తోంది అని.

ఇల్లు డిస్ట్రిక్టే ఇస్తుందా, అద్దె ఎంత, వేడికి వాడే ఆయిల్ అద్దెలో కలిసే ఉందా విడిగానా? ఇంట్లో కుళాయి ఉందా? ఇది సిగ్గుపడకుండా అడగండి, కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ ఇళ్ళకి నీటి పైపులు లేవు, మరుగుదొడ్డికి బదులు హానీ బకెట్ అని ఒక బకెట్ ఉంటుంది, దాన్ని మనమే తీసుకెళ్ళి పారబోయాలి. ఒంటరిగా ఉండాలా, ఇంకో టీచర్‌తో కలిసా? ఏ ఏ తరగతులు ఇస్తారు? గత ఏడాది ఎంతమంది టీచర్లు వెళ్ళిపోయారు? ఈ చివరి ప్రశ్నకి వాళ్ళు ఎలా జవాబు చెప్తారో జాగ్రత్తగా వినండి. ఒంట్లో బాగోకపోతే అలాస్కాలో పెద్ద నగరమైన ఆంకరేజ్‌కి విమానంలో తీసుకెళ్ళే మెడివాక్ ఖర్చు ఇన్సూరెన్స్‌లో కవర్ అవుతుందా అన్నది కూడా, ఊళ్ళో క్లినిక్ ఉంటుంది, హెల్త్ ఎయిడ్‌లు ఉంటారు, మంచివాళ్ళు, కానీ డాక్టర్ ఉండరు.

బిల్డింగ్ ఎలా ఉందో కూడా అడగండి. ఈ డిస్ట్రిక్ట్‌లకి పన్ను వేసే అధికారం లేదు, రిపేర్‌కి డబ్బులు కావాలంటే రాష్ట్రాన్ని అడుక్కోవాల్సిందే. స్లీట్‌మ్యూట్ బడి పైకప్పు కారుతోందని రెండు దశాబ్దాలకి దగ్గరగా అడుగుతూ వచ్చారు, ఆ లోపు నీరు దిగి బిల్డింగే పాడైపోయింది, 2025లో అది దేశమంతా వార్త అయ్యింది. అలాంటి బడిలో కూడా పిల్లలు చదువుకుంటున్నారు, టీచర్లు చెప్తున్నారు. తెలిసి వెళ్ళడం వేరు, వెళ్ళాక తెలియడం వేరు కదండి.

సర్దుకోవడం

హైదరాబాద్‌లో చలికోటు కొనకండి, వేస్టు. మైనస్ 30, మైనస్ 40 చలికి సరిపోయేవి ఆంకరేజ్‌లో కొనుక్కోండి, బూట్లు, గ్లోవ్స్ అన్నీ అక్కడే. ఇండియా నుంచి తెచ్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ప్రెషర్ కుక్కర్, దానికి గాస్కెట్లు కనీసం మూడు, సేఫ్టీ వాల్వ్‌లు రెండు. ఇది చిన్న విషయంలా కనపడద్ది కానీ నా కుక్కర్ గాస్కెట్ నవంబర్‌లో సాగిపోయింది, కొత్తది వచ్చేసరికి జనవరి, రెండు నెలలు కందిపప్పు గిన్నెలో ఉడికించుకున్నా, గంటన్నర పట్టేది. పోపు డబ్బా నిండా నింపుకోండి, చింతపండు, ఎండుమిరపకాయలు, ఇంగువ. ఆవకాయ డబ్బాకి ప్లాస్టిక్ కవర్ రెండు మూడు పొరలు చుట్టి సీల్ చెయ్యండి, చిన్న విమానంలో నూనె కారితే బట్టలన్నీ పోతాయి.

చిన్న విమానం అంటే నిజంగా చిన్నదే, ఐదారు నుంచి తొమ్మిది సీట్లు, ఎక్కేముందు మీ బరువెంత అని అడుగుతారు, సామాను కాటా వేస్తారు. వాతావరణం బాగోకపోతే అనియాక్‌లోనో బెతెల్‌లోనో రెండు మూడు రోజులు ఆగిపోవచ్చు, హోటల్ దొరక్క స్కూల్లోనే నేల మీద పడుకోవడం అక్కడ మామూలు. కాబట్టి స్లీపింగ్ బ్యాగ్, మందులు, రెండు పూటల తిండి మీ చేతి బ్యాగులోనే పెట్టుకోండి, పెద్ద పెట్టె తర్వాతి విమానంలో వస్తుందో తర్వాతి వారం వస్తుందో చెప్పలేం.

తిండి సామాన్ల సంగతికొస్తే, ఊళ్ళో కొట్టు ఉంటుంది, గాలన్ పాలు పది డాలర్లు దాటినా ఆశ్చర్యపోకండి, అన్నీ విమానంలో వచ్చేవే మరి. నేను చేసిన పని ఏంటంటే, డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి డబ్బులు పంపేదాన్ని, తను ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు, మినప్పప్పు, గోధుమపిండి కొని పోస్టాఫీసు ఫ్లాట్ రేట్ బాక్సుల్లో కూరి పంపేది. ఆ డబ్బాకి 70 పౌండ్ల దాకా ఎంత బరువున్నా ఒకటే రేటు, పప్పులకి అంతకంటే చౌక దారి లేదు. అక్టోబర్ రాకముందే చలికాలానికి సరిపడా తెప్పించేసుకోండి.

క్లాసులో

అసలు విషయం ఇది. బీఈడీలో మనకి చెప్పని సంగతులు ఇక్కడ చాలా ఉన్నాయి.

నా మొదటి వారంలో మూడో తరగతి బాబు ఒకడిని హోంవర్క్ చేశావా నాన్నా అని అడిగా. వాడు నా వైపు చూసి కనుబొమ్మలు పైకెత్తాడు, అంతే, నోరు తెరవలేదు. మళ్ళీ అడిగా, మళ్ళీ అదే. మూడోసారి గొంతు కొంచెం పెంచి అడిగా. వాడి మొహం వాడిపోయింది, తల దించేసుకున్నాడు, ఆ రోజంతా ఇంక తల ఎత్తలేదు. క్లాసులో నాకు సాయంగా ఉండే ఎయిడ్ ఆ ఊరావిడే, మా అమ్మ వయసు, సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక మెల్లగా చెప్పింది, కనుబొమ్మలు ఎత్తడం అంటే ఇక్కడ అవును అని. వాడు మూడుసార్లు అవునన్నాడు, నేను మూడుసార్లు నమ్మలేదు. మర్నాడు వాడి దగ్గర కూర్చుని సారీ చెప్పా, వాడు మళ్ళీ కనుబొమ్మలే ఎత్తాడు, ఈసారి నవ్వుతూ.

కాబట్టి వెళ్ళిన మొదటి నెల తక్కువ మాట్లాడండి, ఎక్కువ చూడండి. ప్రశ్న అడిగాక మనం రెండు సెకన్లు కూడా ఆగం, వెంటనే ఇంకొకరిని లేపుతాం. అక్కడి పిల్లలు ఆలోచించి, సరిగ్గా తెలుసు అనుకున్నాకే మాట్లాడతారు, పది లెక్కపెట్టే దాకా ఆగండి, జవాబు వస్తుంది. అందరి ముందూ ఒక్కరినే లేపి పొగడొద్దు, ఒక్కరినే లేపి తిట్టొద్దు, రెండూ వాళ్ళకి ఇబ్బందే. కమాయ్ అంటే నమస్తే లాంటిది, కుయానా అంటే థాంక్స్, ఈ రెండు యూపిక్ మాటలు విమానం దిగేలోపే నేర్చుకోండి. నది పైభాగం ఊళ్ళలో అథబాస్కన్ అనే ఇంకో ఆదివాసీ జాతి వాళ్ళు కూడా ఉంటారు, అందరినీ ఒకే గాటన కట్టకండి.

చిన్న బడుల్లో ఒకే గదిలో మూడు నాలుగు తరగతులు ఉంటాయి. మన ఏకోపాధ్యాయ పాఠశాలల్లో చేసినవాళ్ళకి ఇది చేతిలో పని, నాకైతే ఇండియాలో చేసిన ఆ అనుభవమే అన్నిటికంటే ఉపయోగపడింది. లెక్కలు అందరికీ ఒకే టాపిక్ తీసుకుని లెవెల్ మార్చుకోండి, చదవడం మాత్రం వయసుని బట్టి కాకుండా ఎవరెక్కడ ఉన్నారో అక్కడినుంచి మొదలుపెట్టండి. పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకి చదివించండి, వాళ్ళ ఇళ్ళలో నేర్చుకునేది కూడా అలాగే కదా, అక్కని చూసి చెల్లి చేపలు కొయ్యడం నేర్చుకుంటుంది.

సెప్టెంబర్‌లో దుప్పి వేటకి కుటుంబాలతో పిల్లలు వెళ్ళిపోతారు, అక్కడ మూస్ అంటారు, గుర్రం కంటే పెద్ద జంతువు. ఆబ్సెంట్ వేసి కోప్పడకండి, ఆ ఒక్క వేటతో ఇంటికి చలికాలమంతా మాంసం వస్తుంది. పైగా ఈ నదిలో పెద్ద సాల్మన్ చేపలు పదిహేనేళ్ళుగా బాగా తగ్గిపోయాయి, చేపలు పట్టడం మీద ఆంక్షలున్నాయి, అందుకని వేట ఇంకా అవసరం. తిరిగొచ్చాక ఆ పిల్లల చేత దాని గురించే రాయించండి, ఎప్పుడూ నాలుగు లైన్లు దాటనివాడు రెండు పేజీలు రాశాడు నా దగ్గర. జనవరి 7న రష్యన్ ఆర్థడాక్స్ క్రిస్మస్, నక్షత్రం పట్టుకుని ఇంటింటికీ తిరిగి పాడతారు, పిలిస్తే తప్పకుండా వెళ్ళండి, పెట్టింది కొంచెమైనా తినండి. శాకాహారులైతే ముందే నెమ్మదిగా చెప్పుకోండి, అర్థం చేసుకుంటారు, బెర్రీలు తెచ్చి ఇస్తారు.

అక్టోబర్ నెల మాత్రం జాగ్రత్త. ఆ నెలలో పిల్లల లెక్క తీస్తారు, దాన్ని బట్టే రాష్ట్రం నుంచి డబ్బులు. బడిలో పదిమంది కంటే తగ్గితే నిధులు బాగా కోత పడతాయి, రెడ్ డెవిల్‌లో పిల్లలు తగ్గి బడి మూతపడింది. ఒక్క కుటుంబం ఆంకరేజ్ వెళ్ళిపోతే ఊరి బడి ప్రమాదంలో పడుతుందన్నమాట. ఆ రోజుల్లో ఎవరైనా పిల్లాడు రాకపోతే ఇంటికెళ్ళి కనుక్కోండి.

ఇప్పుడు ఆ రెండేళ్ళ మాట. నేను వెళ్ళిన రోజు ఒక ఆరో తరగతి పాప నన్ను అడిగిన మొదటి ప్రశ్న నా పేరు కాదు, మీరు క్రిస్మస్‌కి వెళ్ళిపోతారా అని. ఐదేళ్ళలో తనకి నేను ఆరో టీచర్ని. ప్రతి కొత్త టీచర్ మళ్ళీ మొదటినుంచి పరీక్ష పెట్టి, మళ్ళీ అదే గుణకారం మొదలుపెట్టి, వీళ్ళకి అలవాటయ్యేలోపు వెళ్ళిపోతే ఆ పిల్ల ఎవర్ని నమ్ముతుంది, ఎందుకు నమ్మాలి. మొదటి ఏడాది వాళ్ళు మనల్ని చూస్తుంటారు అంతే, వేసవి తర్వాత మనం మళ్ళీ విమానం దిగడం చూశాకే మనసు విప్పుతారు. నాకు రెండో ఆగస్టులో ఎయిర్‌స్ట్రిప్ దగ్గర ఎనిమిదిమంది పిల్లలు ఫోర్‌వీలర్ల మీద, అంటే నాలుగు చక్రాల బైకుల్లాంటి వాటి మీద, ఎదురొచ్చారు.

నది

నది మాట వినండి, ఊరివాళ్ళ మాట వినండి. అక్టోబర్, నవంబర్‌లో నది గడ్డకట్టేటప్పుడు, మే నెలలో విరిగేటప్పుడు, పడవా పోదు స్నోమెషీనూ పోదు, ఆ వారాల్లో పక్క ఊరు పది మైళ్ళున్నా విమానమే. గట్టిగా గడ్డకట్టాక దాని మీదే మంచు రోడ్డు తీస్తారు, కొన్నేళ్ళు బెతెల్ నుంచి క్రుకెడ్ క్రీక్ దాటి పైకి కూడా వస్తుంది, కార్లు తిరుగుతాయి. ఐసు పైకి గట్టిగా కనపడినా కింద ప్రవాహం తినేసిన చోట్లు ఉంటాయి, అవి ఎక్కడో స్థానికులకే తెలుసు, వాళ్ళు వెళ్ళొద్దంటే వెళ్ళొద్దు.

మన గోదావరికి వరద జులై, ఆగస్టులో వానలకి వస్తుంది. కుస్కోక్విమ్‌కి వరద మేలో, వాన లేకుండా. పైనుంచి కొట్టుకొచ్చే ఐసు పలకలు మలుపు దగ్గర ఇరుక్కుని గోడ కట్టేస్తాయి, వెనక నీరు ఊళ్ళోకి ఎక్కేస్తుంది. 2023 మేలో క్రుకెడ్ క్రీక్‌లో అలాగే ఇళ్ళు కొట్టుకుపోయాయి. అందుకని ఏప్రిల్ ఆఖరుకి పాస్‌పోర్టు, వీసా కాగితాలు, మందులు ఒక వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి తలుపు దగ్గరే ఉంచండి. ఆపద వస్తే ఊరంతా చేరేది బడికే, జనరేటర్, జిమ్ (ఆటల హాలు), వంటగది అన్నీ అక్కడే కాబట్టి. 2025 అక్టోబర్‌లో హలోంగ్ తుఫాను సముద్రం వైపు ఊళ్ళు కిప్‌నుక్, క్విగిలింగోక్‌ని ముంచినప్పుడు వందలమంది బడి బిల్డింగుల్లోనే తలదాచుకున్నారు, తర్వాత విమానాల్లో ఆంకరేజ్ తరలించారు. జిమ్ తాళాలు, దుప్పట్లు, పెద్ద గిన్నెలు ఎక్కడుంటాయో వెళ్ళిన మొదటి వారంలోనే తెలుసుకోండి.

ఐసు విరిగే రోజు మాత్రం పాఠం పెట్టుకోవద్దు. ముందు తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు, తర్వాత ఊరంతా ఒడ్డు మీదే ఉంటుంది. మేం ఫిబ్రవరిలోనే పిల్లలందరి చేత తేదీ, టైం ఊహించి రాయించేవాళ్ళం, పాత ఏళ్ళ తేదీలు గ్రాఫ్ గీసి సగటు తీసి మరీ రాసేవాళ్ళు, సగటు అంటే ఏంటో నేను బోర్డు మీద చెప్పినదానికంటే అక్కడే బాగా అర్థమైంది వాళ్ళకి.

చీకటి గురించి కూడా అడుగుతారు అందరూ. డిసెంబర్‌లో పగలు ఐదున్నర గంటలే, ఉదయం పదకొండు కావస్తుంటే గానీ తెల్లారదు. మధ్యాహ్నం భోజనం టైంలో పావుగంటైనా బయట నడవండి, సాయంత్రాలు గదిలో ఒక్కరే కూర్చోకుండా జిమ్‌కి వెళ్ళండి, బాస్కెట్‌బాల్ రాకపోయినా స్కోరు రాయండి. ఇంటికి వీడియో కాల్ చేస్తే టైం చూసుకోండి, అక్కడ రాత్రి తొమ్మిదంటే మనకి చలికాలంలో మర్నాడు ఉదయం పదకొండున్నర, అమ్మావాళ్ళు తీరిగ్గా ఉండే టైం.

వచ్చేసేటప్పుడు

వెళ్ళిపోవాలని అనుకుంటే చలికాలంలోనే చెప్పేయండి, మేలో చెప్తే ఆగస్టుకి వాళ్ళకి మనిషి దొరకరు. పిల్లలకి కూడా మీరే మీ నోటితో చెప్పండి, వేరేవాళ్ళ ద్వారా తెలియకూడదు. వచ్చే టీచర్ కోసం ఒక నోటుబుక్కు రాసిపెట్టండి, ఒక్కో పిల్లాడికి ఒక్కో పేజీ, ఏ పుస్తకం దాకా చదివాడు, భాగాహారంలో ఎక్కడ ఆగాడు, ఏది అడిగితే కళ్ళు మెరుస్తాయి, ఇంట్లో ఎవరితో మాట్లాడాలి. మొదటి పేజీలో మాత్రం కనుబొమ్మలు ఎత్తితే అవును అని రాయండి. నేనైతే ఆ నోటుబుక్కుతో పాటు డెస్క్ సొరుగులో కుక్కర్ కూడా పెట్టి వచ్చా, వాడని గాస్కెట్ ఒకటి లోపలే ఉంది.